ఖండనలో ఈ ‘కానీ’ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

ముప్పై ఏళ్లుగా మీ పత్రిక తెప్పించుకుంటున్నాను. ఈమధ్య అందులో ఒక చిన్న మాట కంట్లో నలుసులా తగులుతోంది. రాజకీయ కారణాలతో ఎవరినైనా కొట్టినా, చంపినా మర్నాడు మీ పేజీల్లో పది ఖండనలు వస్తాయి. ‘హింసను ఎవరూ సమర్థించరు, కానీ...’ అని మొదలుపెడతారు. ఆ ‘కానీ’ తర్వాత ఉండేదంతా సమర్థనే. పార్టీ నాయకులంటే ఓట్ల లెక్కలు వాళ్లవి. కవులు, ప్రొఫెసర్లు కూడా అదే వాక్యం రాస్తుంటే ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

మాది హనుమకొండ. 1985 సెప్టెంబరు మొదటి వారం మా తరంవాళ్లు మరిచిపోయేది కాదు. 2వ తేదీన నక్సలైట్లు ఒక ఎస్‌ఐని కాల్చి చంపారు. 3వ తేదీన ఆయన అంతిమయాత్ర సాగుతుండగానే డాక్టర్ రామనాథం గారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపేశారు. అది పోలీసుల పనేనని పౌరహక్కుల సంఘం అప్పటినుంచీ చెబుతూనే ఉంది. రామనాథం గారు ఆ సంఘం నాయకుడు, అంతకన్నా ముందు పిల్లల డాక్టరు. మా అన్న పిల్లలకు జ్వరమొస్తే ఆయన దగ్గరికే ఎత్తుకెళ్లేవాళ్లం.

అప్పుడు నేను కొత్తగా చేరిన లెక్కల మాస్టర్ని. మా స్టాఫ్‌రూమ్ రెండు ముక్కలైంది. ఎస్‌ఐ కోసం బాధపడ్డవాళ్ల దగ్గర డాక్టరు మాటెత్తితే ‘నక్సలైట్లను వెనకేసుకొచ్చాడు కదా’ అన్నారు. డాక్టరు కోసం కన్నీళ్లు పెట్టుకున్నవాళ్ల దగ్గర ఎస్‌ఐ మాటెత్తితే ‘పోలీసోడే కదా’ అన్నారు. నేను ఈ రెండో జట్టులోవాణ్ణి. ఇద్దరి కోసమూ ఏడ్చినవాళ్లు మా స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరూ లేరు.

నాయకుల సంగతి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అధికారంలోకి రాకముందు నక్సలైట్లను దేశభక్తులన్నది ఎన్టీఆరే, రామనాథం గారు హతమైననాడు ముఖ్యమంత్రిగా ఉన్నదీ ఎన్టీఆరే. 2004 అక్టోబరులో ప్రభుత్వం నక్సలైట్లను చర్చలకు పిలిచింది. ఏడాది తిరక్కుండానే, 2005 ఆగస్టు 15న, మావోయిస్టులు నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, మరికొందరిని కాల్చి చంపారు. ఆ వెంటనే మావోయిస్టు పార్టీతో పాటు విప్లవ రచయితల సంఘాన్నీ నిషేధించారు. తుపాకి పట్టినవాడూ కలం పట్టినవాడూ ప్రభుత్వానికి ఒకటే అయిపోయారు.

రచయితల విషయం ఇంత తేలిక కాదు. 1970లో శ్రీశ్రీ అధ్యక్షుడిగా ఈ విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టినప్పటినుంచి వాళ్లు పడ్డ కష్టాలు తక్కువేం కావు. 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు కొట్టేసేసరికి 1989 వచ్చింది. కవిత్వం రాసినందుకు పదిహేనేళ్లు కోర్టు మెట్లెక్కడం అంటే మాటలు కాదు. ఎన్‌కౌంటర్లో చనిపోయిన కుర్రాళ్ల మీద వాళ్లు రాసిన పాటలు విని నేనూ ఏడ్చాను. అయితే పోలీసు ‘ఇన్‌ఫార్మర్’ అన్న ఒక్క మాటతో నక్సలైట్లు చంపి రోడ్డు మీద పడేసిన కూలీ మీద, గిరిజనుడి మీద నేను చదివినంతలో పాటలు లేవు. అతనికీ తల్లి ఉండే ఉంటుంది కదా! అడిగితే ‘వ్యవస్థ హింసను మరిచి దీని గురించే అడుగుతారేం’ అంటారు. కారంచేడు, చుండూరుల్లో దళితుల ఊచకోత చూసినవాళ్లు ఆ మాట అంటే కాదనలేం. అయినా అడిగినదానికి అది జవాబు కాదు.

ఈ ప్రశ్నను లోపలినుంచి అడిగిన మనిషి బాలగోపాల్. కాకతీయ యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు (మా సబ్జెక్టు వారని కాస్త పక్షపాతం నాకు ఉంటే ఉండొచ్చు). ఎన్‌కౌంటర్ల నిజాలు బయటపెట్టినందుకు జైలుకెళ్లారు, 1989లో కిడ్నాప్ కూడా అయ్యారు. అలాంటి మనిషే, రాజ్యాన్ని నిలదీసిన నోటితో విప్లవకారుల హింసనూ ప్రశ్నించకపోతే హక్కుల ఉద్యమానికి అర్థమేముందని పట్టుబట్టారు. తానున్న పౌరహక్కుల సంఘంలో అది కుదరక 1998లో మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. పాత మిత్రులు ఆయన్ను ఎన్ని మాటలన్నారో అప్పటి పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. అలాగని పోలీసుల మీద ఆయన మెత్తబడ్డారా? ఎన్‌కౌంటర్ జరిగితే పోలీసుల మీద కేసు పెట్టాల్సిందేనని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పిచ్చిన కేసులో వాదించిన లాయర్లలో ఆయనొకరు. ఆ తీర్పును సుప్రీంకోర్టు నిలిపేసింది, అది వేరే కథ.

ఇంతా రాసి నా సంగతి దాచుకుంటే బాగుండదు. 2008 డిసెంబరులో మా వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. నిందితులైన ముగ్గురు కుర్రాళ్లు కొద్దిరోజులకే పోలీసుల కాల్పుల్లో చచ్చిపోయారు. విద్యార్థులు పోలీసు అధికారికి పూలదండలు వేశారు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్. రోజూ అది కాలేజీనుంచి తిరిగొచ్చేదాకా ఇంట్లో టెన్షనే. ఆ వార్త విని నాకు కడుపు చల్లబడింది, అబద్ధం చెప్పను. మా ఆవిడ మాత్రం ‘వాళ్లేనని ఎవరు తేల్చారండీ’ అంది. నేను విసుక్కున్నాను.

పదకొండేళ్ల తర్వాత, 2019 డిసెంబరు 6న, దిశ కేసులో (పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసు) నలుగురు నిందితుల్ని చటాన్‌పల్లి దగ్గర కాల్చి చంపినప్పుడు ఆవిడ మాట గుర్తొచ్చింది. ఈసారి జనం ఏకంగా పోలీసుల మీద పూలు చల్లారు. నిందితుల్ని జనం మధ్యలో కొట్టి చంపాలని అంతకు నాలుగు రోజుల ముందే పార్లమెంటులో ఒక సభ్యురాలు అన్నారు. పక్క రాష్ట్ర ముఖ్యమంత్రి అసెంబ్లీలో హ్యాట్సాఫ్ చెప్పారు. ప్రతీకారంగా మారితే న్యాయం తన స్వభావాన్ని కోల్పోతుందని అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే అంటే విన్నదెవరు? సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల్ని హత్య నేరం కింద విచారించాలని చెప్పింది. చనిపోయినవాళ్లలో ముగ్గురికి ఘటన నాటికి పద్దెనిమిదేళ్లు కూడా నిండలేదని తేల్చింది. హ్యాట్సాఫ్ చెప్పిన నాయకులు ఆ మాట వెనక్కి తీసుకున్నట్టు నేనెక్కడా చదవలేదు.

1924 మే 7న అల్లూరి సీతారామరాజును కొయ్యూరులో చెట్టుకు కట్టి, విచారణ లేకుండా కాల్చి చంపారని పిల్లలకు చెప్పి కళ్లు తుడుచుకునే మనమే చటాన్‌పల్లిలో పూలు చల్లాం. రాజుగారి గురించి గాంధీ రాసింది చూడండి. సాయుధ తిరుగుబాటును మెచ్చలేనన్నారు, అంత ధైర్యమూ త్యాగమూ ఉన్న యువకుడికి నివాళి అర్పించకుండా ఉండలేననీ అన్నారు. మెచ్చలేనన్నది ఒకటి, తలవంచింది ఒకదానికి. మన ‘కానీ’ అలాంటిది కాదు. అది చచ్చినవాడు ఎవరివాడో చూసుకుని వస్తుంది.

మీకూ ఒక మాట. ప్రత్యర్థుల అంతు చూస్తానని ఒక నాయకుడు మైకులో అరిస్తే మీ హెడ్డింగ్ ‘నిప్పులు చెరిగిన’ ఫలానా అని ఉంటుంది. అది బెదిరింపు అయితే బెదిరింపనే రాయండి. ‘ఎదురుకాల్పుల్లో మృతి’ అని వేసేటప్పుడు ‘పోలీసుల కథనం ప్రకారం’ అన్న మూడు మాటలు కలపండి. నా దగ్గర మీ పత్రిక కత్తిరింపులు రెండున్నాయి. 2019 డిసెంబరు 7 నాటిది మొదటి పేజీ మొత్తం, పూలు చల్లే ఫోటోతో. 2022 మే 21 నాటిది కమిషన్ నివేదిక గురించి, లోపలి పేజీలో రెండు కాలమ్‌లు. కావాలంటే జిరాక్సులు పంపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
హనుమకొండ