టెండర్లలో గాజునార శాతం రాయించండి: పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారం.

అనంతపురంలో ఫైబర్ షెడ్డు, అంటే గాజునార, రెజిన్ కలిపి వస్తువులు చేసే షెడ్డు నడుపుతున్నాను. నీళ్ల ట్యాంకులు, బాత్‌రూమ్ తలుపులు, చెత్తడబ్బాలు, బస్ షెల్టర్ల పైకప్పులు, ఎప్పుడైనా గుడి ఆర్చీ మీదికి బొమ్మలు చేస్తాం. ఇలాంటి సరుకు కొనేది ఎక్కువగా ప్రభుత్వమే: మున్సిపాలిటీలు, పంచాయతీలు, బడులు, హాస్టళ్లు. నేను సబ్సిడీ అడగను, స్థలమూ అడగను. టెండరు కాగితంలో ఒక్క లైను చేర్పించమంటున్నాను. టెండర్లు పిలిచేది వేరే శాఖలు కదా అనవచ్చు మీరు. నిజమే, కానీ చిన్న షెడ్ల గోడు ముందు వినాల్సింది మీ శాఖే.

నేను చూసిన టెండర్లలో చాలావాటిలో పొడవు, వెడల్పు, మందం, రంగు తప్ప ఇంకేమీ ఉండవు. మందం 5 మిల్లీమీటర్లు అని రాస్తారు. సరుకు దిగాక వెర్నియర్ పెట్టి కొలుస్తారు, అయిదు చూపిస్తే బిల్లు పాస్. ఆ అయిదు మిల్లీమీటర్ల లోపల ఏముందో అడిగేవాళ్లు లేరు.

ఫైబర్ వస్తువులో భారం మోసేది గాజునార. సన్నని గాజుపోగును లాగి చూస్తే మామూలు ఇనుము కంటే ఎన్నో రెట్లు ఓర్చుకుంటుంది, బరువు మాత్రం ఇనుములో మూడో వంతు. రెజిన్ అంటే పోసాక గట్టిపడే జిగురులాంటి ద్రవం; అది ఆ పోగులను కదలకుండా పట్టి ఉంచుతుంది, భారాన్ని ఒక పోగు నుంచి ఇంకోదానికి అందిస్తుంది. నార లేకుండా ఒట్టి పాలియెస్టర్ రెజిన్ గట్టిపడితే పెళుసు, దెబ్బ తగిలితే పగులుతుంది. మ్యాటు (గాజుపోగుల ముక్కలతో చేసిన చాప) పరిచి బ్రష్షు, రోలరుతో చేత్తో చేసే సరుకులో బరువు లెక్కన సుమారు 30 శాతం గాజు ఉండాలి. నేసిన రోవింగు (గాజుపోగుల గుత్తులతో నేసిన బట్ట) వాడితే 45 నుంచి 50 దాకా తీసుకెళ్లొచ్చు.

చదరపు మీటరుకు 450 గ్రాములు తూగే మ్యాటు ఒక వరస వేస్తే దాదాపు ఒక మిల్లీమీటరు మందం వస్తుంది. అంటే 5 మిల్లీమీటర్లకు నాలుగైదు వరసలు పడాలి. మ్యాటు ఖరీదు, చాక్ పౌడరు చవక. రెజిన్‌లో చాక్ పౌడరు దట్టంగా కలిపితే రెండు వరసలతోనే అదే మందం తేవచ్చు. బయట రంగు, నునుపు ఏమీ తేడా తెలియదు. చాక్ పౌడరు వాడటమే తప్పని నేననను; బొమ్మల్లాంటి భారం పడని సరుకుకు మేమూ వాడతాం. కింద మనుషులు నిలబడే కప్పుకూ, వెయ్యి లీటర్ల ట్యాంకుకూ అదే చేస్తే, కమ్మీలు ఎత్తేసి సిమెంటు మందం పెంచిన శ్లాబు అవుతుంది. తక్కువ రేటు వేసినవాడికే ఆర్డరు కాబట్టి మ్యాటు నిజాయితీగా వేసేవాడు ఓడిపోతున్నాడు. రెండు ఎండాకాలాలకే డబ్బా మూలలు విచ్చుకుంటే, ఫైబర్ అంటేనే ఇంత అన్న మాట మా అందరికీ పడుతోంది.

రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. ఆ రెక్కలు చేసేదీ గాజునార, రెజిన్లతోనే. గాలికి వంగుతూ లేస్తూ ఇరవై ఏళ్లు తిరిగేలా వాటిని డిజైన్ చేస్తారు. నార ఎంత, ఏ దిక్కుకు పరిచారు, లోపల గాలిబుడగలు మిగిలాయా, రెజిన్ పూర్తిగా గట్టిపడిందా, ఇవన్నీ అక్కడ పరీక్షిస్తారు. చెత్తడబ్బాకు అన్ని పరీక్షలు అక్కర్లేదు. ఒక్కటి చాలు.

ముక్క కోసి తూచాలి. మఫుల్ ఫర్నేసులో (ల్యాబుల్లో వాడే మూత కొలిమి) 565 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచితే రెజిన్ కాలిపోతుంది. చల్లారాక మళ్లీ తూకం. మిగిలినదాని మీద పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే చాక్ పౌడరు నురగలు కక్కి కరిగిపోతుంది, గాజు మిగులుతుంది. కడిగి ఆరబెట్టి తూస్తే శాతం తేలిపోతుంది. ముక్క కోసం సరుకు పాడుచేయాల్సిన పని కూడా ప్రతిసారీ ఉండదు: ట్యాంకుకు పైపు కోసం హోల్‌సాతో (గుండ్రంగా కోసే రంపం) రంధ్రం చేసినప్పుడు ఊడివచ్చే బిళ్ల చాలు. అలాంటి బిళ్ల రాని వస్తువులకు, లాటుకు ఒక వస్తువు అదనంగా మా ఖర్చుతోనే ఇస్తాం.

దీనికి కొత్త భవనం కట్టనక్కర్లేదు. ఇక్కడి శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో పాలిమర్ సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం ఉంది. వెదురు నారతోనూ, హిల్డెగార్డియా అనే చెట్టు నారతోనూ కాంపోజిట్లు (నార, రెజిన్ కలిపిన పదార్థాలు) చేసి అక్కడివాళ్లు పరిశోధన పత్రాలు రాశారు. జేఎన్‌టీయూ కూడా ఊళ్లోనే ఉంది. వీటిని పరీక్షా కేంద్రాలుగా గుర్తిస్తూ ఒక ఉత్తర్వు ఇప్పించండి, ఫీజు మేమే కడతాం. టెండర్లలో మందం పక్కన గాజు శాతం కనీసం ఇంత అని రాయించండి. ముక్క మాత్రం దిగిన సరుకు నుంచే తీయాలి. టెండరుకు పెట్టే శాంపిల్ వేరు, లారీలో వచ్చేది వేరు. ఈ వ్యాపారంలో ఉన్న ఎవరికైనా తెలిసిన సంగతే ఇది.

మొదటి పరీక్ష మా షెడ్డు సరుకుతోనే మొదలుపెట్టండి. ఏ వస్తువు, ఏ మూల కోయాలన్నది మీ అధికారి ఇష్టం.

ఇట్లు,
అనంతపురం నుంచి ఒక ఫైబర్ షెడ్డు యజమాని