బీరు పులిసే పాత్రకు మూతి ఎంత ఉండాలె

హనుమకొండ

బిడ్డా,

ఇంట్లో బీరు పులియబెట్టే పాత్ర ఏది కొనాలె అని నువ్వు పంపిన మూడు ఫొటోలూ చూసిన. సన్న మూతి గాజు సీసా వద్దు. స్టీలుది ఇప్పుడే వద్దు. నడిమిది, మర మూత ఉన్న వెడల్పు మూతి పెట్ ప్లాస్టిక్ పాత్ర తీసుకో. కానీ ఆర్డర్ పెట్టే ముందు ఈ ఉత్తరం మొత్తం చదువు. వెడల్పు మూతి అని రాసి అమ్మేవన్నీ పనికొచ్చేవి కావు.

చట్టం సంగతి ముందే చెప్తున్న. మన తెలంగాణలో లైసెన్సు లేకుండ ఇంట్లో బీరు చేసుకునుడు ఎక్సైజు చట్టం ఒప్పుకోదు. కాబట్టి సెలవులకు వచ్చినప్పుడు ఇక్కడ చేద్దామని అనుకోకు. మీరుండే అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టంతోటి ఫెడరల్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. ఇంట్లో వయసొచ్చినవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు గాని అంతకన్న ఎక్కువ గాని ఉంటే 200 గ్యాలన్లు. అది ఇంటి వాడకానికే, అమ్మకానికి కాదు. సారా కాచుడుకు ఆ అనుమతి వర్తించదు. ఆ జోలికి పోవద్దు.

ఇగ మూతి సంగతి. వెడల్పు ఎందుకంటే చెయ్యి లోపలికి పోవాలె, అన్ని మూలలూ అందాలె. హాప్స్, అంటే బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వుల సంచి వేసుడు, తీసుడు సులువైతది. వోర్ట్, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు) నుంచి తీసిన తియ్యటి రసం, ఒలకకుండ పోసుకోవచ్చు. అవన్నీ దాని తర్వాతి లాభాలు.

ఈస్ట్ వేసిన 12 నుంచి 48 గంటల్లో నురుగు లేస్తది. అది దిగినంక వోర్ట్ మట్టానికి పైన గోడ చుట్టూ గోధుమ రంగు జిగురు పట్టీ మిగులుతది. హాప్స్ బంక, ప్రోటీను, ఈస్ట్ కలిసిన పట్టీ అది. ఎండితే గట్టిపడి నీళ్లు ఊపినా ఊడదు. దాని కింద బ్యాక్టీరియా ఉంటే శానిటైజర్ అక్కడిదాక చేరదు. శానిటైజర్ మురికిని తీయదు, కడిగిన గోడ మీద మిగిలిన క్రిములనే చంపుతది. సన్న మూతి సీసాలో ఆ పట్టీని వంకర బ్రష్షుతోటి, గుడ్డి లెక్కన తోమాలె. పోయిందో లేదో వేలు పెట్టి చూసే దారి లేదు.

మన దగ్గర తాటిచెట్టుకు కట్టే లొట్టిని తలుచుకో. మట్టి గోడలోని సన్న రంధ్రాల్లో పాత కల్లు ఈస్ట్ ఉండిపోతది, చెట్టు నుంచి కొత్తగ కారే తియ్యటి నీరు అందులో పడంగనే పులుసుడు మొదలైతది. నీరా కావాలంటే లోపల సున్నం పూసి ఆ పులుపును ఆపాలె. అంటే కల్లుకు పాత్ర గోడే తోడు. ఆ తోడులో ఈస్ట్ ఒక్కటే కాదు, లాక్టిక్, అసిటిక్ బ్యాక్టీరియా కూడా ఉంటయి. పొద్దటి కల్లు సాయంత్రానికి పుల్లబడేది వాటివల్లనే. కల్లుకు అది సహజం. బీరుకు మాత్రం గోడ నుంచి ఏమీ రావొద్దు, నువ్వు పాకెట్ చింపి వేసిన ఈస్ట్ ఒక్కటే పని చెయ్యాలె. అందుకే గోడ నున్నగ ఉండాలె, గీతలుండొద్దు, చేతికి అందాలె.

ఇప్పుడు కొలతలు. బొటనవేలు లోపలికి మడిచి మెటికల దగ్గర నీ చెయ్యి వెడల్పు కొలుచుకో. నీకు ఏడున్నర, ఎనిమిది సెంటీమీటర్లు రావచ్చు. మెత్తని స్పాంజి పట్టుకొని తిప్పాలంటే మూతి లోపలి కొలత కనీసం 10 సెంటీమీటర్లుండాలె. అల్లుడు కడుగుతానంటే 12 చూడు. అమ్మేవాళ్లు ఎక్కువగ మూత బయటి కొలత చెప్తరు, లోపలిది అంతకన్న తక్కువ ఉంటది. ఆ తేడాలోనే చెయ్యి ఇరుక్కుంటది.

తర్వాత లోతు. నీ మూర ఎంతో కొలుచుకో, మోచెయ్యి నుంచి నడిమి వేలు కొసదాక. పాత్ర లోతు అంతకన్న తక్కువుంటే అడుగు మూల అందుతది. ఎక్కువుంటే, మూతి 10 సెంటీమీటర్లదైతే, మోచెయ్యి మూతికాడ ఆగిపోతది, అడుగున మడ్డి పట్టిన చోటికి వేళ్లు చేరవు. ఇది ఎవరూ చూసుకోరు. పొట్టిగ, లావుగ ఉన్న పాత్ర పొడుగు పాత్రకన్న కడుగుడుకు మేలు.

మూడోది పాత్ర భుజం. మూతి వెడల్పున్నా మెడ కింద భుజం ఒక్కసారిగ వంగితే, ఆ వంపు లోపలి పక్కకు చెయ్యి వెనక్కి తిరగదు. నురుగు పట్టీ ఉండేది సరిగ్గ అక్కడనే. ఏటవాలు భుజమున్నది ఎంచుకో. బకెట్‌కైతే భుజమే ఉండదు. నిజం చెప్పాలంటే తిండి సరుకులకు పనికొచ్చే బకెట్ కడుగుడుకు అన్నిటికన్న మంచిది. గాని లోపల ఏమైతుందో కనబడదు, చవక మూత సరిగ్గ బిగుసుకోదు. మొదటిసారి చేసేవాళ్లకు నురుగు లేచుడు, దిగుడు, మడ్డి కూసునుడు కళ్లతోటి చూసుకుంటే చానా అర్థమైతది. పెట్ అంటున్నది అందుకే.

మీరు చేసేది 5 గ్యాలన్లు, అంటే సుమారు 19 లీటర్లు. 23 లీటర్ల పాత్ర చాలదు. నురుగుకు పైన నాలుగో వంతు జాగ ఉండాలె, గోధుమ మాల్ట్ బీరుకు ఇంకొంచెం ఎక్కువ. 25 నుంచి 27 లీటర్లది సరిగ్గ సరిపోతది. 30 కూడా నడుస్తది. అంతకన్న పెద్దదైతే పైన ఖాళీ ఎక్కువై, పులుసుడు అయిపోయినంక గాలి నిలిచే జాగ పెరుగుతది.

అమ్మ పంపిన పచ్చడి జాడీ వెడల్పే కదా అని అడిగినవు. వద్దు. పింగాణీ పూతలో సీసం ఉందో లేదో మనకు తెలియదు. బీరు పీహెచ్ 4 చుట్టుపక్కల ఉంటది, ఆ పులుపు రెండు వారాలు పూతను నాకుతనే ఉంటది. పూత మీద సన్న చీలికలుంటే నూనె, ఉప్పు, కారం వాసన అందులోకి దిగి ఉంటది. పైగా దాని మూత గాలిని ఆపదు.

గాజు ఎందుకు వద్దంటున్ననో విను. ఖాళీదే ఆరేడు కిలోలు, నిండితే 26 దాటుతది. తడి చేతుల్లోంచి జారితే ముక్కలు కత్తులే, లోతుగ తెగుతది. వేడినీళ్లు పోసినా పగులుతది. మెడకు తగిలించే పట్టీ ఖాళీ సీసా లేపుడుకే, నిండినదాన్ని దానితోటి లేపొద్దు. వెడల్పు మూతి గాజువి కూడా దొరుకుతయి, ఈ దోషాలన్నీ వాటికీ ఉన్నయి.

పెట్ అంటే అడుగున త్రికోణంలో 1 అని ఉంటది. గాలి చొరబడుడు బకెట్ ప్లాస్టిక్‌లోకన్న ఇందులో చానా తక్కువ. దీనికి శత్రువులు రెండు: వేడి, గరుకు. 70 డిగ్రీల దగ్గర పెట్ మెత్తబడి ఆకారం పోతది, కాబట్టి 50 దాటిన నీళ్లు పోయొద్దు. ఉడికిన వోర్ట్ చల్లారినంకనే పొయ్యి. గరుకు పీచు, స్టీలు పీచు ముట్టొద్దు. కడిగేటప్పుడు ఉంగరం, గాజులు తీసెయ్యి. ఉంగరం గీసిన గీతలో బ్యాక్టీరియా చేరితే దాన్ని తీసే మందు లేదు, పాత్రనే మార్చాలె. చెయ్యి పోయే పాత్రకు చేతితోనే ప్రమాదం, పైలం.

స్టీలుది రెండేళ్లు చేస్తూ పోతే అప్పుడు కొను. 304 రకం తీసుకో. దాన్ని బ్లీచింగుతోటి కడగొద్దు, క్లోరిన్ స్టీలును గుంటలు గుంటలుగ తింటది.

మూత సంగతి కొంచెం వివరంగ రాయాలె, ఎందుకంటే వెడల్పు మూతి పాత్రలో చెడేది ఎక్కువగ అక్కడనే. మరలు లేకుండ నొక్కి పెట్టే రబ్బరు మూతలు తడిగుంటే మెల్లగ పైకి జారి లేస్తయి. మర మూత, దాని కింద సిలికాన్ రింగు, ఈ రెండూ ఉన్నదే తీసుకో. మూతకు ఒకటే రంధ్రముంటే మంచిది. థర్మామీటరుకని, శాంపిల్‌కని ఎన్ని రంధ్రాలుంటే అన్ని కారే చోట్లు.

ఎయిర్‌లాక్ అంటే మూత రంధ్రంలో పెట్టే, నీళ్లున్న చిన్న గొట్టం. లోపలి గ్యాసును బయటికి వదులుతది, బయటి గాలిని రానియ్యదు. అది మూసుకుపోతే ఏమైతదో లెక్క చూడు. సన్న మూతి సీసాకు నొక్కి పెట్టే 3 సెంటీమీటర్ల బిరడా విస్తీర్ణం 7 చదరపు సెంటీమీటర్లు. లోపల అర బార్ ఒత్తిడి చేరితే దాని మీద పడే బలం మూడున్నర కిలోలు, బిరడా ఎగిరిపోయి ఒత్తిడి దిగిపోతది. 10 సెంటీమీటర్ల మూతకు విస్తీర్ణం 78, అదే ఒత్తిడికి బలం దగ్గరదగ్గర 40 కిలోలు. అది మర మీద బిగుసుకొని ఉంటది కాబట్టి వెంటనే ఊడదు. ఒత్తిడి పెరుగుతనే ఉంటది. కాబట్టి మొదటి మూడు రోజులు ఎయిర్‌లాక్ బదులు లావు పైపు పెట్టు. దాని కొసను శానిటైజర్ నీళ్లున్న డబ్బాలో నాలుగైదు సెంటీమీటర్లు ముంచు, డబ్బా పాత్రకన్న కింద ఉండాలె. నురుగు దిగినంక ఎయిర్‌లాక్‌కు మార్చు. నురుగు ఎయిర్‌లాక్‌లోకి ఎక్కిందని కనబడితే మూత విప్పే ముందు ఎయిర్‌లాక్ తీసి గాలి వదిలెయ్యి, మొహం పక్కకు పెట్టుకో.

పాత్ర రాంగనే పరీక్ష చెయ్యి. మూత బిగించి, ఎయిర్‌లాక్‌లో సగం నీళ్లు పోసి, పాత్ర పక్కలను రెండు చేతులతోటి మెల్లగ నొక్కి అట్లనే పట్టుకో. ఎయిర్‌లాక్‌లో నీళ్లు ఒక పక్కకు లేచి అట్లనే నిలబడితే మూత మంచిది. మెల్లగ దిగిపోతే రింగు మడత పడ్డదో, మర వంకరగ ఎక్కిందో, ఎయిర్‌లాక్ చుట్టూ ఉన్న రబ్బరు వదులైందో. కారుతుందని మూతను ఇంకా గట్టిగ తిప్పొద్దు. అట్ల చేస్తే రింగు పిసికినట్టై పక్కకు జారుతది, కారుడు ఎక్కువైతది. రింగు తీసి, కడిగి, తడిపి, మళ్లీ గాడిలో కూసోబెట్టు.

పులిసేటప్పుడు మూత కొంచెం కారినా కొంప మునగదు. హైడ్రోమీటరు (నీళ్లకన్న రసం ఎంత చిక్కగుందో కొలిచే సాధనం) మీద 1.050 దగ్గర మొదలైన 19 లీటర్ల వోర్ట్ నుంచి సుమారు 400 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ పుడతది, అది గాలిని బయటికే తోస్తది. అప్పుడు బుడగలు ఎయిర్‌లాక్‌లో కాకుండ మూత సందుల్లోంచి పోతయి, పులుస్తలేదని నువ్వు బుగులు పడతవు. బుడగలను నమ్మకు, హైడ్రోమీటరును నమ్ము. మూడు రోజులు వరుసగ ఒకటే అంకె, 1.010 గానీ 1.012 గానీ, ఉంటే అయిపోయినట్టు. అంకె ఆగకముందే సీసాల్లో నింపితే సీసాలు పగులుతయి.

అసలు ప్రమాదం పులుసుడు అయిపోయినంక. కొత్త గ్యాసు పుట్టదు, మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి దిగుతది. కార్బన్ డయాక్సైడ్ బరువు కాబట్టి బీరు మీద పరుచుకొని కాపాడుతదని కొందరు చెప్తరు. గ్యాసులు కలిసిపోతయి, ఆ మాట పట్టుకొని మూత తెరిచి పెట్టొద్దు. మూతి వెడల్పు ఉన్నకొద్దీ తెరిచినప్పుడు గాలి మార్పిడి తొందరగ జరుగుతది. ఆక్సిజన్ తగిలిన బీరు మొదలు తడి అట్టపెట్టె వాసన కొడ్తది, అసిటిక్ బ్యాక్టీరియా కూడా ఉంటే పుల్లబడతది. హాప్స్ వేసేందుకు ఒకసారి, నింపేందుకు ఒకసారి, అంతే. రుచి చూద్దామని రోజూ తీయొద్దు. ఇంకో పాత్రలోకి మార్చే పని కూడా పెట్టుకోకు, రెండు వారాలు దీంట్లోనే ఉంచి సైఫన్ (పై నుంచి కిందికి గుంజే పైపు) తోటి సీసాలకు నింపు.

ఫ్రిజ్‌లో చల్లబరిచేటప్పుడు ఇంకో సంగతి ఉంది. 20 డిగ్రీల నుంచి 2కు దిగితే పైనున్న గ్యాసు 6 శాతం ముడుచుకుంటది, కొంత బీరులో కరుగుతది. ఆ ఖాళీకి ఎయిర్‌లాక్ నీళ్లను, బయటి గాలిని లోపలికి గుంజుకుంటది. పెట్ గోడ లోపలికి లొట్టపడతది కూడా. చల్లబరుచుడు తప్పనిసరి కాదు, మొదటిసారి మానుకో.

డాలస్ ఇంట్లో ఏసీ 24, 25 దగ్గర పెడ్తరు కదా, ఏల్ రకం బీరు చేసే మామూలు ఈస్ట్‌కు 18 నుంచి 20 మంచిది. పులిసేటప్పుడు లోపల బయటికన్న మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువుంటది. పాత్రను వెడల్పు టబ్బులో పెట్టి సగందాక నీళ్లు పోసి, గడ్డకట్టిన నీళ్ల సీసాలు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వెయ్యి. మీద నల్లటి దుప్పటి కప్పు. వెలుతురు తగిలితే హాప్స్ చేదు పదార్థం విరిగి గబ్బు వాసన వస్తది, రంగు లేని పెట్ వెలుతురును ఆపదు.

కడుగుడు వరుస ఇది. సీసాలు నింపంగనే చల్లనీళ్లతోటి మడ్డి పారబొయ్యి, ఆరనియ్యకు. 45 డిగ్రీల నీళ్లు మూతిదాక నింపి, లీటరుకు 7 నుంచి 10 గ్రాముల పర్‌కార్బనేట్ అనే కడిగే పొడి వేసి రాత్రంతా ఉంచు. పొద్దున స్పాంజి, చెయ్యి. భుజం కింద వేలు పెట్టి చూడు, జారుడుగ తగిలితే ఇంకా పోలేదన్నట్టే. మంచి నీళ్లతోటి రెండుసార్లు కడిగి, మూత పెట్టకుండ బోర్లించి ఆరబెట్టు. వాడే రోజు స్టార్ శాన్ అనే శానిటైజర్, నీళ్లు లీటరుకు ఒకటిన్నర మిల్లీలీటర్లు. 4 లీటర్లు కలిపి పాత్రను అన్ని వైపులా దొర్లించు, రెండు నిమిషాలు తడిగ ఉంటే చాలు. ఆ నురుగు కడగొద్దు.

అడుగున నల్లా ఉన్న రకం చూసినవంట. నింపుడు సులువే, గాని నల్లా లోపల బీరు నిలిచి ఎండుతది, ప్రతిసారీ విప్పి ముక్కలు ముక్కలుగ కడగాలె. విప్పడానికి రాని నల్లా అయితే అసలే వద్దు.

సిలికాన్ రింగు ఇంకొకటి ఇదే ఆర్డర్‌లో కలుపుకో, తర్వాత అదే కొలతది దొరుకుడు కష్టం. నువ్వు పంపిన నడిమి ఫొటో కింద మూతి లోపలి కొలత గాని, పాత్ర లోతు గాని రాసి లేవు. ఆ రెండూ అమ్మేవాళ్లను అడుగు. నీ చెయ్యి, నీ మూర పక్కన పెట్టి చూసుకొని, సరిపోతనే డబ్బు కట్టు.

మీ బాపు