మీ శుభలేఖ బొమ్మ వేరేవాళ్ల కార్డు మీదకు ఎలా వెళ్లిందంటే

శుభలేఖలు డిజైన్ చేసే మా దగ్గర తమ కోసమే గీయించిన నెమలి బార్డరు, పల్లకి బొమ్మ వేరే పెళ్లి కార్డుల మీద కనబడ్డాయని మన పాత కస్టమర్లు కొందరు ఫోటోలు పంపారు. వాటిని మేం ఎవరికీ అమ్మలేదు. ముద్రణకిచ్చిన ప్రెస్సు మా కోరల్ డ్రా (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్) ఫైళ్లు దాచుకుని, రంగులు మార్చి, తన కస్టమర్లకు వాడేసింది. అడిగితే "ఫైలు మా సిస్టంలోనే ఉంది, ప్లేట్లు మేమే వేశాం కదా" అన్నారు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం మామూలుగా బొమ్మ మీద హక్కు గీసినవారిదే. జీతానికి గీస్తే యజమానిది. పోర్ట్రెయిట్ లాంటిది డబ్బిచ్చి వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, వేయించుకున్నవారిది. ఇందులో ప్రెస్సుకు చోటెక్కడ? వాళ్లతో పని మానేశాం, లాయర్ నోటీసు పంపాం.

ఆర్టిస్టుల దగ్గర హక్కులన్నీ ఒకేసారి రాయించేసుకోమని తెలిసినవాళ్లు గట్టిగానే చెప్పారు. ఖర్చు ఒక్కసారితో పోతుంది, కేసు మేమే వేసుకోవచ్చు. దీని మీద చాలా తర్జనభర్జన పడ్డాం. ఆర్టిస్టు నెమలిని మేం శాశ్వతంగా లాక్కుని, ప్రెస్సును దొంగ అనడానికి మాకు నోరు రాలేదు. పైగా అంత అవసరమూ లేదు. ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు (ఇంకెవరికీ ఇవ్వని వాడుకునే అనుమతి) ఉన్నవారూ కేసు వేయొచ్చని 54వ సెక్షన్ చెబుతోంది. అందుకే శుభలేఖలకు, ఈ-కార్డులకు మాత్రం అలాంటి 3 ఏళ్ల లైసెన్సు రాయించుకుంటున్నాం. మిగతా హక్కులు ఆర్టిస్టువే. కాలం, ప్రాంతం రాయకపోతే చట్టం 5 ఏళ్లు, ఇండియా వరకే అని లెక్కేస్తుంది. డల్లాస్‌లోని మేనమామకు వాట్సాప్‌లో వెళ్లే కార్డు కూడా ఉంది కాబట్టి 'ప్రపంచమంతా' అని స్పష్టంగా రాశాం. వధూవరుల ముఖాలతో గీసినవి మీవే. వాటిని మేంగానీ ఆర్టిస్టుగానీ మళ్లీ వాడకూడదని అదే కాగితంలో ఉంది.

దీనివల్ల కార్డుకు 2 రూపాయలు పెరుగుతుంది. అది ఆర్టిస్టుకే వెళ్తుంది, బేరం లేదు. కార్డు వెనక ఆర్టిస్టు పేరు చిన్న అక్షరాల్లో వేస్తాం. హక్కులు అమ్మేసినా 'ఇది నేను గీసింది' అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద ఆర్టిస్టుకే ఉంటుంది. పేరు తీసేయమంటే ఆర్డరు తీసుకోం.

ఇకమీదట ప్రెస్సుకు మార్చడానికి వీలుండే ఓపెన్ ఫైలు ఇవ్వం, పీడీఎఫ్ మాత్రమే. బొమ్మంతా 300 డీపీఐలో ఒకే ఇమేజ్‌గా, అక్షరాలు కర్వులుగా (ఫాంటు కాకుండా గీతల ఆకారాలుగా) ఉంటాయి. అక్షరాలను కూడా ఇమేజ్ చేస్తే సన్న ఒత్తులు ముద్రలో చెదిరిపోతాయి. ఇలా చేస్తే కాపీ పూర్తిగా ఆగిపోదు గానీ, నెమలిని విడిగా తీసి రంగు మార్చడం కష్టమవుతుంది. ముద్రణ అయ్యాక ప్లేట్లను మా మనిషి ఎదుటే గీకించేస్తాం.

ఒక ఇబ్బంది మాత్రం మీకు తప్పదు. ముహూర్తం టైములో ఒక్క అంకె మారినా ప్రెస్సులో దిద్దడం కుదరదు, కొత్త ఫైలు మేమే పంపాలి. అందుకే పేర్లు, తిథి, హాలు అడ్రసు ఇంట్లో పెద్దవాళ్లతో కూడా చదివించాకే ప్రూఫ్ మీద ఓకే రాయండి. మన బొమ్మ ఇంకెక్కడైనా కనిపిస్తే, కార్డు రెండు వైపులా, కింద ప్రెస్సు పేరుండే లైనుతో సహా, ఫోటో తీసి పంపండి.