బడి మొదటి గంట కాస్త ఆలస్యంగా కొట్టండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. పొద్దున ఆరింటికే అదనపు తరగతి కాబట్టి నాలుగున్నరకు లేపాలి. మొన్న క్లాసులో కునుకు తీసిందని టీచరు అందరి ముందూ నిలబెట్టి ‘కుంభకర్ణుడు’ అన్నారట. ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మాట నేను కూడా ఎన్నోసార్లు అన్నదాన్నే. తప్పు నాదని ఇప్పుడు తెలుస్తోంది. రాత్రి పదకొండున్నర దాకా పుస్తకాల ముందున్న పిల్ల పడుకున్నది ఐదు గంటలు. ఆ వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. అంటే తక్కువలో తక్కువ మూడు గంటల బాకీ, ప్రతిరోజూ.

‘పెందలాడే పడుకోవచ్చుగా’ అంటారు. చాలామంది పిల్లలకు అది చేతకాదు. ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోను యుక్తవయసులో మునుపటికన్నా ఆలస్యంగా ఊరడం మొదలవుతుంది. తొమ్మిదికే లైటు ఆర్పినా కళ్లు మూతపడవు. అది పొగరూ కాదు, బద్ధకమూ కాదు. ఒంట్లో గడియారం అలా నడుస్తోంది. ఆ గడియారం కణాల్లో ఎలా పనిచేస్తుందో వివరించిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఫోను వెలుగు నిద్రను ఇంకా వెనక్కి నెడుతుందన్నది నిజమే, ఆ బాధ్యత ఇళ్లలో మాదే. కానీ ఫోను పక్కన పెట్టేసినా నాలుగున్నర నాలుగున్నరే కదా.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. నిద్ర రాత్రంతా ఒకే తీరుగా ఉండదు. గాఢనిద్ర ముందు జాముల్లో ఎక్కువ, కలలు వచ్చే నిద్ర తెల్లవారే వేళ ఎక్కువ. నాలుగున్నరకు లేపితే తెగిపోయేది చాలావరకు ఆ రెండోదే. మనసులో ఉద్వేగాలు సర్దుకోవడానికి అది అవసరమంటారు. పరీక్షల ఏడాదిలో పిల్లలు చిన్న మాటకే ఎందుకు ఏడుస్తున్నారో, ఎందుకు కసురుకుంటున్నారో ఒక్కసారి ఆలోచించండి. పగలు చదివింది మెదడులో కుదురుకునేది కూడా నిద్రలోనే. నిద్ర కోసి చదివించడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకోనిస్తే సరిపోతుందని నేననుకునేదాన్ని. దాంతో ఆ రాత్రి నిద్ర మరీ ఆలస్యమై, సోమవారం లేవడం ఇంకా కష్టమవుతోంది.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఉదయం 8:30కు ముందు మొదలుకాకూడదని సూచించింది. సియాటిల్ నగరంలో 2016లో ఉన్నత పాఠశాలల వేళను 7:50 నుంచి 8:45కు మార్చారు. ఆలస్యంగా లేవొచ్చని పిల్లలు ఇంకా ఆలస్యంగా పడుకుంటారేమోనని అందరికీ అనుమానం. పరిశోధకులు కొలిచి చూస్తే నిద్ర సుమారు 34 నిమిషాలు పెరిగింది. కాలిఫోర్నియాలో చాలావరకు ఉన్నత పాఠశాలలు 8:30కు ముందు మొదలుకాకూడదన్నది 2022 నుంచి చట్టమే.

బస్సుల వేళలు, ఉద్యోగాలకు వెళ్లే తల్లిదండ్రుల ఇబ్బందులు నాకు తెలుసు, నేనూ ఉద్యోగం చేస్తున్నాను. బడి వేళలన్నీ ఒక్కరోజులో మారవు. కానీ తెల్లవారకముందు పెట్టే అదనపు తరగతి ఆపడానికి బస్సు వేళ మార్చక్కర్లేదు, చట్టం అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. ముందు అది ఆపండి. మిగతా వేళల సంగతి విద్యాశాఖ అధికారులు, ప్రధానోపాధ్యాయులు తల్లిదండ్రులను కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ సమావేశానికి ఒక పిల్లల వైద్యుణ్ని కూడా పిలవండి. వచ్చే ఏడాది టైంటేబుల్ అచ్చు వేయకముందే పిలవండి.

— పదో తరగతి విద్యార్థిని తల్లి