ఎర్రగడ్డలో టీడీసీఎస్ క్లినిక్ తెరవండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

స్కిజోఫ్రీనియాకు మందులు వాడుతున్నా కొందరికి ఎవరూ లేకున్నా చెవిలో వినిపించే మాటలు ఆగవు. రెండు రకాల మందులు సరైన మోతాదులో, ఒక్కోటి కనీసం 6 వారాలు వాడినా గుణం కనిపించకపోతే తర్వాతి మెట్టు క్లోజపైన్ అనే మందు. దానితోనూ మాటలు తగ్గనివాళ్ల కోసం ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో టీడీసీఎస్ (నెత్తిమీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడుకు సన్నటి కరెంటు పంపే చికిత్స) క్లినిక్ తెరవమని అడుగుతున్నాం.

ఇది షాక్ ట్రీట్‌మెంట్ కాదు. మత్తు ఉండదు, ఫిట్స్ తెప్పించరు, మనిషి మెలకువగా కుర్చీలో కూర్చుంటాడు. ప్లస్ ఎలక్ట్రోడు ఎడమ నుదుటి పైన, మైనస్ ఎడమ చెవికి పైన, కాస్త వెనక. 2 మిల్లీ ఆంపియర్లు, 20 నిమిషాలు, రోజుకు రెండుసార్లు, 5 రోజులు. 2012లో ఫ్రాన్స్‌లో బ్రూనెలిన్ బృందం 30 మందిలో ఈ పద్ధతినే పరీక్షించి మాటలు తగ్గాయని చూపింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఆ మాటే చెప్పలేదు. అందుకే దీన్ని మందులకు తోడుగానే అడుగుతున్నాం, బదులుగా కాదు.

మిషన్ కొనడం తేలిక. చెడేది ఎలక్ట్రోడు కింద పెట్టే స్పాంజి దగ్గర. 35 చదరపు సెంటీమీటర్ల స్పాంజిని సెలైన్‌లో తడపాలి. ఆరిపోతే రెసిస్టెన్స్ పెరిగి చర్మం కాలుతుంది. మరీ తడిపితే నీళ్లు జుట్టులోకి కారి, కరెంటు అనుకున్న చోట కాకుండా పక్కలకు పాకుతుంది. మన దగ్గర తలకు నూనె ఒక చిక్కు: ముందురోజే తలస్నానం చేయించి, నూనె రాయొద్దని ఇంట్లోవాళ్లకు గట్టిగా చెప్పాలి. వైర్లు తారుమారైతే చికిత్సే తలకిందులు. కరెంటును 30 సెకన్లలో మెల్లగా పెంచి, అలాగే మెల్లగా దించాలి. నెత్తిమీద పుండ్లున్నవాళ్లకు, పుర్రెలో లోహం ఉన్నవాళ్లకు పెట్టకూడదు. లోరాజెపామ్ లాంటి నిద్రమాత్రలు ఫలితాన్ని తగ్గించవచ్చు కనుక ముందే అడగాలి.

ఖరీదైన ఆర్‌టీఎంఎస్ (అయస్కాంతంతో మెదడును ప్రేరేపించే) మిషన్‌కు ఇప్పుడే తొందరపడొద్దని మా అభిప్రాయం. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో దానికి అనుమతిచ్చింది డిప్రెషన్‌కు, స్కిజోఫ్రీనియాకు కాదు. పైగా దానితో అరుదుగా ఫిట్స్ రావచ్చు, క్లోజపైన్ వాడేవాళ్లకు ఆ ముప్పు ముందే ఎక్కువ. ‘మాటలు పూర్తిగా మాయం’ అని బోర్డులు పెట్టే ప్రైవేటు క్లినిక్‌లపైనా కన్నేయండి.

టెండరులో మిషన్‌తో పాటు రబ్బరు ఎలక్ట్రోడ్లు, పట్టీలు, రోగికొక జత స్పాంజీలు రాయించండి. శిక్షణ పొందిన టెక్నీషియన్ పోస్టు మంజూరు చేయండి. చికిత్సకు ముందు, ఐదో రోజు, నెలకు, మూడు నెలలకు మాటల తీవ్రతను స్కేలుపై కొలిచి రాయాలన్న నిబంధన పెట్టండి. రోజుకు రెండు విడతలు గనుక ఆదిలాబాద్ నుంచి వచ్చినవాళ్లు రోజూ తిరగలేరు. ఆ 5 రోజులకు రోగికీ తోడు వచ్చినవాళ్లకూ పడక, భోజనం ఆరోగ్యశ్రీ ప్యాకేజీలోనే కలపండి.

ఇట్లు,
మానసిక వైద్య సిబ్బంది, హైదరాబాద్