పెనుకొండ ఉద్యోగం గురించి నరేశ్‌కు

చిరంజీవి నరేశ్‌కు నాన్న ఆశీస్సులు.

పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం దొరికేలా ఉందనీ, నూటికి 75 ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం ఉంది గనుక బెంగళూరు వదిలి వచ్చేయవచ్చా అనీ అడిగావు. మీ అమ్మా, జేజీ అప్పుడే సంబరపడుతున్నారు. నేను మాత్రం ఆ చట్టాన్ని నమ్ముకుని రావద్దనే అంటాను.

2019 జులైలో మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ చట్టాన్ని ఆమోదించింది. తగిన అర్హతలున్న స్థానికులు దొరకకపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలోగా వారికి శిక్షణ ఇచ్చి పనిలోకి తీసుకోవాలని అందులో రాశారు; నన్నడిగితే చట్టం మొత్తంలో అక్కరకొచ్చే మాట అదొక్కటే. కానీ చట్టం హైకోర్టుకెక్కింది. హర్యానా ప్రభుత్వం నెలకు 30,000 రూపాయల లోపు జీతాలకు ఇలాంటిదే తెస్తే, అక్కడి హైకోర్టు 2023 నవంబరులో దాన్ని కొట్టివేసింది. 2024 జులైలో కర్ణాటక మంత్రివర్గం కూడా ఇలాంటి బిల్లుకు ఒప్పుకొని, పరిశ్రమల యజమానులు గోల చేసేసరికి పక్కన పెట్టింది. ఆ రాష్ట్రంలో పుట్టి, 15 ఏళ్లుగా అక్కడే ఉంటూ, కన్నడం మాట్లాడటం, చదవడం, రాయడం వచ్చినవారినే అందులో స్థానికులన్నారు. అది అమలైతే రేపు నువ్వున్న బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలోనే మరో కంపెనీకి మారదామన్నా నీకు దారి ఇరుకయ్యేది. కన్నడంలో బేరమాడటం వచ్చు గానీ బస్సు బోర్డు చదవడం ఇప్పటికీ రాదు కదా నీకు! మన ఊళ్ల నుంచి పొట్ట చేతబట్టుకుని అక్కడికి పోయినవాళ్లు ఎందరున్నారో తలచుకుంటే, ఈ కంచెలు అన్ని రాష్ట్రాలూ వేసుకోవడం మనకే చేటని నాకనిపిస్తుంది.

ప్రభుత్వం చేసినవన్నీ వృథా అని నేననడం లేదు. మన నార్పల మండలం బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించారు. కూలీల పని చూసే మేట్‌గా మస్టర్, అంటే హాజరు పట్టీ, పట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి దాని మంచీచెడూ నాకు తెలుసు. కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే నిరుద్యోగ భృతి అని చట్టంలో ఉండేది. భృతి మాట కాగితానికే పరిమితమైనా, బుడ్డల (వేరుశనగ) పంట ఎండిన ఏడు నీటి కుంటలు తవ్వి, వచ్చిన కూలితో పొయ్యి వెలిగించుకున్న ఇళ్లు మన వీధిలోనే ఉన్నాయి. అయితే ఏళ్లు గడిచేకొద్దీ మస్టర్‌లో పడుచువాళ్ల పేర్లు తగ్గి, ఆడవాళ్లవీ ముసలివాళ్లవీ మిగిలాయి. మగపిల్లలు బేల్దారి పనికి బెంగళూరు బస్సెక్కారు, ఎందుకంటే అక్కడి కూలికీ ఇక్కడి కూలికీ పొంతన లేదు. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో 125 రోజుల హామీతో కొత్తది తెచ్చింది. రోజులు పెరిగినా, డిప్లొమా చదివిన నీలాంటివాడికి గడ్డపార పని జవాబు కాదు.

ఆ జవాబు పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో వస్తుందని అందరం ఆశపడ్డాం. కార్ల కంపెనీ కియా 2017లో ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని, ఏటా 3 లక్షల కార్లు తయారయ్యే ఫ్యాక్టరీని రెండేళ్లలో నిలబెట్టింది. దాని కోసం హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి జలాశయానికి చేరాయి. చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. ఇంత కరువు సీమకు ఇది చిన్న విషయం కాదు. కానీ ఆ గేట్లలోంచి లోపలికి పోయే దారులు రెండు: ఒకటి కంపెనీ రోల్స్, అంటే కంపెనీయే నేరుగా తీసుకోవడం; రెండోది ఏజెన్సీ, అంటే మనుషుల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు ద్వారా చేరడం. మీ పెద్దమ్మ కొడుకు రెండో దారిన ఒక విడిభాగాల కంపెనీలో చేరాడు. పక్కన నిలబడి అదే పని చేసే వాడికంటే తక్కువ జీతం, ఏడాది నిండకముందే ఆపేసి కొన్నాళ్లకు మళ్లీ కొత్తవాడిగా చేర్చుకోవడం, పీఎఫ్ ఎక్కడ జమవుతోందంటే సూపర్‌వైజర్ ఏజెన్సీని, ఏజెన్సీ కంపెనీని చూపించడం. వాడు స్థానికుడే. లెక్కల్లో స్థానికుడికి ఉద్యోగం ఇచ్చినట్టే.

అందుకని ఊరు దగ్గరన్నది ఒక్కటే చూసుకోవద్దు. నియామక పత్రం కంపెనీ పేరున ఉందా, ఏజెన్సీ పేరున ఉందా, యంత్రం మీద శిక్షణ ఎన్నాళ్లు, ఆ తర్వాత పర్మనెంట్ చేస్తామన్న మాట రాతలో ఉందా అన్నవి ముందు తేల్చుకో. పీణ్యాలో కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద నువ్వు నేర్చిన పని ఇక్కడా చెల్లుతుంది గానీ, ప్యాకింగ్‌లో పెడితే రెండేళ్లలో అది చేయి జారిపోతుంది. కంపెనీ రోల్స్ మీదైతే జీతం ఓ రెండు వేలు తగ్గినా రా, గది అద్దెలోనే అది తీరిపోతుంది. ఏజెన్సీ అయితే ఎంత ఇస్తామన్నా కదలవద్దు; మీ అమ్మకు నేను చెప్పుకుంటాను.

పత్రం చేతికి రాగానే సంతకం పెట్టకుండా ఫొటో తీసి పంపు. అక్కడి ఉద్యోగానికి రాజీనామా అప్పటిదాకా ఇవ్వవద్దు.

మీ నాన్న