ఈసారి సెకన్లు చెప్పను

తల్లీ,

ఈ కాగితం నీ జెర్సీల మడతల్లో పెడుతున్నాను. ఎదురుగా చెబితే సగంలోనే "తెలుసులే నాన్నా" అంటావు.

పోయినేడు కొండల సైకిల్ రేసులో, రెండో రోజు, దారి పక్క నిలబడి మీకు తిండీ నీళ్లూ అందించే ఫీడ్ జోన్‌లో బాటిల్ జారింది నీ వల్ల కాదు. నువ్వు పట్టుకున్నాక కూడా నేను వదల్లేదు. కంగారులో నా వేళ్లు మూత మీద బిగుసుకుపోయాయి. కోచ్ అడిగితే "నా చెయ్యే జారింది సార్" అన్నావు. పక్కనే ఉండి నేను నోరు మెదపలేదు.

తర్వాత జరిగిందాంట్లోనూ పెద్ద వాటా నాదే. ఆ బాటిల్లో ఉన్నవి ఉత్త నీళ్లు కావు. గంటకు 60 గ్రాముల కార్బోహైడ్రేట్ లెక్కన ఆఖరి గంటకు నీకు కావలసిందంతా అందులోనే కలిపాం. అది అందక ఆఖరి కొండ మీద నీ కాళ్లు ఆడలేదు. నేనేమో అడ్డదారిన కారులో కొండపైకి వచ్చి, స్టాప్‌వాచ్ చూస్తూ "నలభై సెకన్లు! నలభై!" అని అరిచాను. ఆ నలభై సెకన్లనూ నువ్వు దిగేటప్పుడు రాబట్టుకోబోయావు. మూడో మలుపులో వెనక చక్రం జారింది. మోకాలి చర్మం పోయింది, అంతటితో బతికిపోయాం.

ఈసారి నాలుగు రోజులు. రోజురోజు టైమూ కూడుతూ పోతారు కాబట్టి మొదటి రోజే తేల్చేయాల్సిందేమీ లేదు. గుంపులో కలిసి గీత దాటితే ముందున్న పిల్లకీ, వెనకున్న నీకూ ఒకటే టైము రాస్తారు. చదును రోడ్డు మీద ఒకరి చక్రం వెనక నక్కితే గాలి దెబ్బ తప్పి బోలెడు శ్రమ మిగులుతుంది. నిటారు ఎక్కుడులో వేగమే ఉండదు, ఆ నీడ పెద్దగా పనిచేయదు, ఎవరి బరువు వాళ్లు మోసుకోవాల్సిందే. అందుకే కొండ మొదట్లోనే లేచి నిలబడి ఉరికే పిల్లల్ని పోనియ్యి. నీ ఊపిరి లెక్కలో నువ్వు ఎక్కు. వాళ్లలో కొందరు సగం దారిలో నీకు దొరుకుతారు, నోరు తెరుచుకుని.

నా భయమంతా దిగుడు గురించే. 2022 దాకా మీ జూనియర్లకు గేర్ పరిమితి ఉండేది, పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 7.93 మీటర్లకు మించి పోకూడదు. 2023 జనవరి నుంచి ఆ పరిమితి తీసేశారు. పెద్ద గేర్ దొరికిందని నీకు సంబరం, నాకు టెన్షన్. 2024 సెప్టెంబరులో జ్యూరిచ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో మురియెల్ ఫురర్ అనే అమ్మాయి, జూనియర్ రేసులో, వానలో, అడవి దారిలో పడిపోయి మర్నాడు చనిపోయింది. 18 ఏళ్లు. ఆ పోటీలో ఎవరికీ జట్టుతో మాట్లాడే రేడియోలు లేవు. ఆ వార్త చదివిన రాత్రి నీ గది తలుపు తీసి చూసి వచ్చాను. నీకు తెలియదు.

మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే బ్రేక్ వెయ్యమని, బయటి పెడల్ కిందికి ఉంచమని, మలుపు ఎక్కడ విడుతుందో అక్కడికే చూడమని కోచ్ వందసార్లు చెప్పే ఉంటారు. నాకు తెలిసింది ఒక్కటే. కొండపైకి వచ్చేసరికి చెమటతో తడిసిపోయి ఉంటావు, గాలి తగిలితే వేళ్లు కొయ్యబారతాయి, కొయ్యబారిన వేళ్లకు బ్రేక్ అందదు. అందుకని కోటు జిప్పు పెట్టుకునే దిగు. దానికి పది సెకన్లు పోతే పోనీ. అక్కడ నేనుండను, స్టాప్‌వాచ్ ఇంట్లోనే వదిలేసి వస్తున్నాను.

ఫీడ్ జోన్‌లో మాత్రం ఉంటాను. రెండు వారాలుగా వీధి చివర నిలబడి ప్రాక్టీసు చేస్తున్నాను, తమ్ముడు సైకిల్ మీద వచ్చి బాటిల్ లాక్కెళుతున్నాడు. మొదట్లో వాడి చొక్కా చాలాసార్లు తడిసింది. ఇప్పుడు బాటిల్ మెడను రెండు వేళ్లతోనే పట్టుకుంటున్నాను, నువ్వు దాని నడుం దగ్గర పట్టు. నీ చెయ్యి తగలగానే వదిలేస్తాను. ఒకవేళ నేను మళ్లీ బిగుసుకుపోతే ఆగకు, ఇరవై అడుగుల అవతల ఇంకో బాటిల్‌తో అమ్మ నిలబడి ఉంటుంది. వీధిలో అమ్మ ఒక్కటి కూడా జార్చలేదు.

నాన్న